మీటరు 85 వేలంటుంది, ఇంజన్ ఏమంటుంది?

ఎనిమిదేళ్ల నాటి బొలెరో పికప్. మీటరులో 85 వేల కిలోమీటర్లు. ధర అయిదు లక్షలు. "సింగిల్ ఓనర్ బండి, ఇంజన్ మీద చెయ్యి పడలేదు" అంటున్నాడు అమ్మేవాడు. బానెట్ ఎత్తేముందు ఒక చిన్న భాగహారం చేసి చూడండి. ఎనిమిదేళ్లంటే 2,920 రోజులు. 85 వేలను దాంతో భాగిస్తే రోజుకు 29 కిలోమీటర్లు. ఏడాదికి 300 రోజులే తిరిగిందనుకున్నా 35 వస్తుంది. పక్క మండలం నుంచి మదనపల్లె మార్కెట్‌కు ఒక్క లోడు టమాటా దించి వస్తేనే అంతకు మించి అవుతుంది. కాబట్టి కిరాయి బండి అయితే మూడింట్లో ఒకటి జరిగి ఉంటుంది: మీటరు వెనక్కి తిప్పారు, లేదా కొంతకాలం మీటరు పని చేయకుండానే నడిపారు, లేదా బండి నెలల తరబడి మూల నిలబడింది. మూడోది కూడా మంచి కబురేం కాదు. నిలబడిన బండి ట్యాంకులో నీరు చేరుతుంది, రబ్బరు పైపులు గట్టిపడి పగుళ్లిస్తాయి, బ్యాటరీ చస్తుంది.

సొంత దుకాణం సరుకు తెచ్చుకునే బండికి మాత్రం రోజుకు 29 కిలోమీటర్లు నమ్మదగ్గ లెక్కే. అలాంటప్పుడు సర్వీసు బిల్లులు అడగండి. తేదీ, ఆరోజు మీటరులో ఉన్న అంకె రెండూ బిల్లు మీద ఉంటాయి. నాలుగు బిల్లులు వరసలో పెడితే తిప్పిన మీటరు దొరికిపోతుంది.

అయితే మీటరు అంకె కోసం మరీ కొట్టుకోనక్కర్లేదు. చక్కగా చూసుకున్న డీజిల్ ఇంజన్ రెండున్నర లక్షల కిలోమీటర్ల దగ్గర కూడా బలంగా ఉంటుంది. పట్టించుకోనిది లక్షకే బోర్‌కి వస్తుంది. పాత పికప్‌లు తిరిగి తిరిగి చచ్చేది తక్కువ. ఇంజన్ చుట్టూ ఉండే చవక సామాను, అంటే గాలి పైపు, డీజిల్ ఫిల్టర్, రేడియేటర్ మూత, వీటిని వదిలేయడం వల్ల చచ్చేదే ఎక్కువ. అందుకే ఈ కథనంలో ఇంజన్ కంటే వాటి గురించే ఎక్కువ చెప్పుకుందాం. లెక్కల కోసం మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే బొలెరో పికప్‌ను తీసుకుంటున్నాను. దానిది నాలుగు సిలిండర్ల 2,523 సీసీ ఇంజన్. 2005లో వచ్చిన టాటా ఏస్‌ది రెండు సిలిండర్లు, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్‌ది మూడు. అంకెలు మారతాయి గానీ జబ్బులు ఇవే.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదని తెలిసిందే. మరి మంట ఎలా పుడుతుంది? గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఈ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ సుమారు 631 సీసీ, అంటే అరలీటరు పైచిలుకు గాలి పీల్చి, దాన్ని రెండున్నర టేబుల్ స్పూన్లు పట్టే చోటులోకి కుక్కేస్తుంది. సుమారు 18 రెట్లు నొక్కుడు. దానికే కంప్రెషన్ అని పేరు. అలా నలిగిన గాలి 500 డిగ్రీలు దాటుతుంది. డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి అందులో సగం వేడి చాలు. పిస్టన్ రింగులు అరిగితే గాలి పక్కల నుంచి జారిపోతుంది, నొక్కుడు తగ్గుతుంది, వేడి చాలదు. మెకానిక్కులు "బోర్‌కి వచ్చింది" అనేది ఈ స్థితినే. సిలిండర్ గోడల్ని మళ్లీ చెక్కి, పెద్ద సైజు పిస్టన్లు, కొత్త రింగులు వేయాల్సి వస్తుంది.

దీన్ని కొనేముందే పసిగట్టడానికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు, కాస్త పొద్దున్నే వెళ్తే చాలు. రాత్రంతా చల్లారిన ఇంజన్ అబద్ధం ఆడలేదు. మీరు వెళ్లేసరికి బండి స్టార్ట్ చేసి ఉంటే, బానెట్ వెచ్చగా తగిలితే, ఇంకో రోజు వస్తానని చెప్పండి. చల్లటి ఇంజన్ సెల్ఫ్ కొట్టిన రెండు మూడు సెకన్లలో అందుకోవాలి. అరనిమిషం గుంజుకుని, తెల్లపొగ దగ్గి, ఒక సిలిండర్ తరవాత ఒకటిగా మేలుకుంటే కంప్రెషన్‌నో, డీజిల్ చిమ్మే నాజిల్స్‌నో, చలిలో గాలిని వేడిచేసే గ్లో ప్లగ్గులనో అనుమానించాలి. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ పోసే మూత విప్పి చూడండి. సన్నటి ఆవిరి సహజం. చెయ్యి అడ్డం పెడితే తోసేంత పొగ కొడుతోందంటే, అది రింగుల పక్కనుంచి కిందికి జారిన మంట తాలూకు పొగ. మెకానిక్కులు దీన్ని బ్లోబై అంటారు. ధర ఎంత తగ్గించినా అక్కడినుంచి లేచి రావడమే మేలు, రీబోర్ ఖర్చు కూడా కలిపి బేరమాడగలిగితే తప్ప.

పొగ రంగు మీద చాలా పుకార్లున్నాయి. నలుపంటే డీజిల్ ఎక్కువై గాలి తక్కువైంది: గాలి ఫిల్టర్, టర్బో పైపు, నాజిల్ చూడాలి. ఇది సాధారణంగా చవకలో పోయే జబ్బు. నీలమంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది, ఇది ఖరీదైనది. తెలుపు స్టార్ట్ చేసిన రెండు నిమిషాల్లో పోతే ఫర్వాలేదు. వేడెక్కాక కూడా ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. ఆయిల్ గేజ్ కడ్డీ తీసినప్పుడు ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఇక అనుమానమే లేదు.

ఇప్పుడు గాలి సంగతి. ఇది ఎవరూ పట్టించుకోని విషయం, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది. నిమిషానికి 2,000 సార్లు తిరిగే ఈ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ వెయ్యిసార్లు గాలి పీలుస్తుంది. టర్బో ఊదేది పక్కన పెట్టినా నిమిషానికి 2,500 లీటర్లు. పది అడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గదిలో సుమారు 34 వేల లీటర్ల గాలి ఉంటుంది. ఆ గదిని ఈ ఇంజన్ పదమూడున్నర నిమిషాల్లో ఖాళీ చేసేస్తుంది. రోజుకు ఆరు గంటలు నడిస్తే 26 గదుల గాలి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారిలోనో, రాయలసీమ మట్టి రోడ్డు మీదో తిరిగే బండి అయితే ఆ 26 గదుల దుమ్ము కూడా లోపలికి బయల్దేరుతుంది. దాన్ని ఆపేది ఒక్క కాగితపు ఫిల్టర్.

"ఫిల్టర్ ఎప్పటికప్పుడు గాలి కొట్టిస్తున్నాం కదా" అంటారు చాలామంది. రెండు చిక్కులున్నాయి. కంప్రెసర్ గాలి దగ్గరగా, గట్టిగా కొడితే కాగితం సన్నగా చిరుగుతుంది, కంటికి కనబడదు. రెండోది, ఫిల్టర్ బాగానే ఉన్నా దాని తరవాత వచ్చే రబ్బరు పైపుకు పగులుంటే దుమ్ము నేరుగా టర్బోలోకి పోతుంది. కాబట్టి కొనేముందు ఆ పైపు ఊడదీయించి లోపల వేలు పెట్టి రాయండి. వేలికి ఎర్రమట్టి అంటిందా, ఇంజన్ ఇసుక తింటోందని అర్థం. కొన్ని వందల రూపాయల పైపు నిర్లక్ష్యం చేసి రీబోర్ దాకా తెచ్చుకున్న బండ్లు విజయవాడ ఆటోనగర్‌లో ఏ రోజు వెళ్లినా కనిపిస్తాయి.

పైపు తీసిన చేత్తోనే టర్బో కూడా చూడొచ్చు. టర్బో అంటే బయటికి పోయే పొగ తోపుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలి ఊదే చిన్న పంకా. లోడు మీద అది నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతుంది, అంటే సెకనుకు 1,600 పైచిలుకు. ఆ ఇరుసు పలచటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరగాలి. ఘాట్ ఎక్కి వచ్చిన వెంటనే తాళం తిప్పేస్తే ఆయిల్ ఆగిపోతుంది, పంకా మాత్రం కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపమనేది అందుకే. వేళ్లతో ఇరుసు పట్టుకుని కదపండి: కాస్త ఊగడం సహజం, రెక్కలు గోడకు తగిలితే టర్బో మార్చాల్సిందే.

డీజిల్ విషయానికొస్తే, ఎక్కువమంది అడిగే ప్రశ్న పాత మెకానికల్ పంపు బండి మంచిదా, కామన్ రైల్ బండి మంచిదా అని. దేశమంతా బీఎస్-3 ప్రమాణాలు 2010లో, బీఎస్-4 2017 ఏప్రిల్ 1న, బీఎస్-6 2020 ఏప్రిల్ 1న వచ్చాయి. బీఎస్-3 కాలపు పికప్‌లు చాలావాటికి మెకానికల్ పంపే. అందులో నాజిల్ 200 బార్ పైచిలుకు ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది. కామన్ రైల్ అంటే నాలుగు నాజిల్స్‌కూ ఉమ్మడిగా ఒక గొట్టంలో డీజిల్‌ను భారీ ఒత్తిడితో నిలవ ఉంచి, కంప్యూటర్ చెప్పినప్పుడు చిమ్మే పద్ధతి. ఆ ఒత్తిడి 1,600 బార్ దాకా ఉంటుంది. మన వంటింటి కుక్కర్ విజిల్ వేసేది సుమారు 1 బార్ దగ్గర, మిగతాది మీరే ఊహించుకోండి.

అంత ఒత్తిడి ఎందుకంటే, చిమ్మాల్సింది అంత చిన్న కొలత కాబట్టి. బండి గంటకు 40 కిలోమీటర్లు పోతూ లీటరుకు 12 ఇస్తోందనుకుందాం. గంటకు 3.3 లీటర్లు. ఇందాకటి నిమిషానికి 2,000 తిప్పుల లెక్కన ఆ గంటలో నాలుగు నాజిల్స్ కలిసి 2 లక్షల 40 వేల సార్లు చిమ్ముతాయి. భాగిస్తే ఒక్కోసారికి వచ్చేది డీజిల్ చుక్కలో దాదాపు నాలుగో వంతు. ఆ పావు చుక్క మంచులా విడిపోయి మండాలి. నాజిల్ రంధ్రానికి పిసరంత మసి పట్టినా, నీరు చేరి తుప్పు పట్టినా, చిమ్మడం పోయి కారడం మొదలవుతుంది. అప్పుడు నల్లపొగ, ఠకఠక చప్పుడు, మైలేజీ పతనం వరసగా వస్తాయి.

ఇక ఏది మంచిదన్న ప్రశ్నకు జవాబు మీ ఊరిని బట్టి ఉంటుంది. మెకానికల్ పంపు నాసిరకం డీజిల్‌ను కొంత ఓర్చుకుంటుంది, మండల కేంద్రంలోని మెకానిక్ కూడా విప్పి బిగించగలడు, కానీ తాగుడూ పొగా ఎక్కువ. కామన్ రైల్ పొదుపు, పికప్ బాగుంటుంది, కానీ ఒక్క నాజిల్ పోయినా టెస్టింగ్ బెంచ్ ఉన్న పట్నం షాపుకు పోవాలి. పట్నానికి 80 కిలోమీటర్ల దూరంలో ఉండి, నెలకు వెయ్యి కిలోమీటర్లు మాత్రమే తిప్పే రైతుకు నేనైతే మెకానికల్ పంపే చెప్తాను. నెలకు మూడు వేలు తిప్పే కిరాయిదారుకు కామన్ రైల్.

"ఇప్పుడొచ్చే డీజిల్ పాత పంపుకు పడదట, నిజమేనా?" ఈ భయానికి మూలం ఉంది. డీజిల్‌లో గంధకం పరిమితి బీఎస్-3లో పది లక్షల భాగాలకు 350 భాగాలు, బీఎస్-4లో 50, బీఎస్-6లో 10. గంధకాన్ని తీసే క్రమంలో డీజిల్‌కు సహజంగా ఉండే జారుడు గుణం కూడా తగ్గుతుంది. పంపు లోపలి భాగాలకు డీజిలే కందెన కాబట్టి అది పోతే అరుగుదలే. అయితే మన భారతీయ ప్రమాణం ఐఎస్ 1460 ఈ జారుడు గుణానికి హద్దు పెట్టింది. ఆ హద్దుకు లోబడేలా తయారైన డీజిలే బంకుకు రావాలి. ట్యాంకులో 2టీ ఆయిల్ కలిపే అలవాటు అనవసరం. పంపును నిజంగా చంపేవి నీరు, కిరోసిన్ కల్తీ. డీజిల్ ఫిల్టర్ అడుగున నీరు వదిలే మర ఉంటుంది. వానాకాలంలో వారానికోసారి దాన్ని వదులు చేసి ఒక గ్లాసులోకి పట్టి చూడటానికి అయ్యే ఖర్చు సున్నా.

నీళ్ల విషయంలో మన ఎండలు తెచ్చే తప్పు ఒకటుంది. వేసవి రాగానే కొందరు థర్మోస్టాట్ పీకించేస్తారు. థర్మోస్టాట్ అంటే ఇంజన్ 80 డిగ్రీలు దాటేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు. అది లేకపోతే ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, రింగులు త్వరగా అరుగుతాయి. బండి వేడెక్కుతుంటే చూడాల్సింది రేడియేటర్ మూత. అది కూడా కుక్కర్ లాగే 1 బార్ అటూఇటూ ఒత్తిడి నిలుపుతుంది కాబట్టే లోపలి నీళ్లు 100 దగ్గర కాకుండా 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత రబ్బరు ఎండిపోతే రెంటచింతల ఎండలో ఆ ఇరవై డిగ్రీల తేడానే హెడ్‌ను వంచేస్తుంది. బోరు నీళ్లు పోయడం కూడా మానాలి. టీ గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పెచ్చే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. మూత తీసి చూడండి. లోపల ఆకుపచ్చో గులాబీయో రంగు కూలెంట్ ఉంటే యజమాని బుద్ధిమంతుడు, తుప్పు నీళ్లుంటే కాదు.

ఇంజన్ ఆయిల్ గురించి ఒక్క లెక్క చాలు. ఆయిలూ ఫిల్టరూ కలిపి 3,500 రూపాయలు, పది వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చారనుకుంటే కిలోమీటరుకు 35 పైసలు. రీబోర్‌కు 80 వేలు అయిందనుకుంటే, అది 23 ఆయిల్ మార్పుల డబ్బు, అంటే 2 లక్షల 30 వేల కిలోమీటర్లకు సరిపడా ఆయిల్.

ఇంజన్ బాగుందని తేలాక బండి కిందికి దూరండి. బొలెరో పికప్‌లో 1.3 టన్నులు, 1.7 టన్నులు మోసే రకాలున్నాయి. 1.7 టన్నులంటే యాభై కిలోల బస్తాలు 34. మన దగ్గర 50 బస్తాలు వేసే దొరలూ ఉన్నారు. ఆ అదనపు బరువంతా దాదాపుగా వెనక ఇరుసు మీదే పడుతుంది. వెనక కమాన్ కట్టలో అదనంగా ఒకటో రెండో పట్టీలు వేయించి ఉంటే, అమ్మేవాడు దాన్ని బలంగా చెప్పుకుంటాడు. మీరు దాన్ని సాక్ష్యంగా తీసుకోండి: ఈ బండి ఏళ్లపాటు ఓవర్‌లోడు మోసింది. క్లచ్ ప్లేటు, గేర్ బాక్సు, క్రౌన్, బ్రేకులు అన్నీ ఆ లెక్కనే అరిగి ఉంటాయి. కమాన్ బిగించే బ్రాకెట్ల దగ్గర ఛాసిస్‌కు వెల్డింగ్ మచ్చలుంటే ఇంకేం ఆలోచించకండి. ఓవర్‌లోడుకు 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ 20 వేల రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2 వేలు జరిమానా చెప్తుంది. మీరు కొన్నాక ఆ అలవాటు కొనసాగించాలనుకుంటే ఇది కూడా ఖర్చులో రాసుకోండి.

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు బండ్లకు ఇంకో పరీక్ష. చేపలూ రొయ్యలూ మోసిన తొట్టిలోంచి కారే ఐసు నీళ్లు, ఉప్పు ఛాసిస్‌ను పైనుంచి తింటాయి. కొత్తగా వేసిన నల్లరంగు చూసి మురవకండి. సన్నటి సుత్తితో అడ్డదూలాల మీద తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలికి పెచ్చు రాలుస్తుంది.

"డీజిల్ బండికి పదేళ్లే ఆయుష్షట కదా?" ఆ పదేళ్ల ఆదేశం 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఢిల్లీ రాజధాని ప్రాంతానికి ఇచ్చింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. మన రెండు రాష్ట్రాల్లో బండి రోడ్డెక్కాలా వద్దా అని తేల్చేది ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా తీసుకోవాలి. వయసు పెరిగేకొద్దీ ఫీజూ పెరుగుతుంది. ఇక కాగితాలు: ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే అప్పు తీరినట్టు ఫారం 35, బదిలీకి ఫారం 29, 30. బండి ఆంధ్రాది, మీరు తెలంగాణవారైతే అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌వోసీ కూడా. చలానాలు ఆన్‌లైన్‌లో చూసుకోండి, పాతవాటిని అమ్మేవాడితోనే కట్టించండి.

చివరికి డబ్బు. పాతది చవక అన్నది చేతిలో నగదు ఉన్నవాడి విషయంలో నిజం. అప్పు చేసేవాడి లెక్క వేరు. పాత బండి అయిదు లక్షలు, లక్ష మీరు కట్టి నాలుగు లక్షలు 16 శాతం వడ్డీకి మూడేళ్లు తీసుకున్నారనుకుందాం: కిస్తీ సుమారు 14,060. కొత్తది పది లక్షలు, రెండు లక్షలు కట్టి ఎనిమిది లక్షలు 10.5 శాతానికి అయిదేళ్లు: కిస్తీ సుమారు 17,200. ధరలో రెట్టింపు తేడా ఉన్నా కిస్తీలో తేడా 3,140 మాత్రమే. పాత బండ్లకు వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ కావడమే కారణం.

ఇప్పుడు మైలేజీ కలపండి. నెలకు 3,000 కిలోమీటర్లు. లీటరుకు 14 ఇచ్చే కొత్త బండి 214 లీటర్లు తాగితే, 11 ఇచ్చే పాతది 273. తేడా దాదాపు 59 లీటర్లు, లీటరు 97 రూపాయల చొప్పున 5,700. కిస్తీలో మిగిలిన 3,140 పోగా ఎదురు ఇంకా 2,500 పైగా పడుతుంది, మరమ్మతులు లెక్కలోకి రాకముందే. అదే బండి నెలకు వెయ్యి కిలోమీటర్లే తిరిగితే డీజిల్ తేడా 1,900, పాతదే గెలుస్తుంది. పైగా మూడేళ్లకు కిస్తీలు అయిపోతాయి. మొత్తం కట్టేది పాతదాని అప్పుకు 5 లక్షల చిల్లర, కొత్తదానికి 10 లక్షల 30 వేలు. తక్కువ తిప్పేవాడికి పాత బండి, ఎక్కువ తిప్పేవాడికి మంచి మైలేజీ ఉన్న బండి.

మైలేజీ అమ్మేవాడి నోటి మాటగా తీసుకోకూడదు కాబట్టి, కుదిరితే బేరం తేలకముందే, లేదంటే కొన్న మొదటి నెలలోనే, ట్యాంకు గొంతుదాకా నింపించి మీటరు అంకె రాసుకోండి. మీటరు నిజంగా పని చేస్తోందా అన్నది ఫోనులో దారి దూరంతో పోల్చి చూసుకోండి. నాలుగైదు రోజులు మామూలు లోడుతో తిప్పి, అదే బంకులో మళ్లీ గొంతుదాకా నింపి, పట్టిన లీటర్లతో కిలోమీటర్లను భాగించండి. గాలి ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ఆయిల్ కొత్తవి వేశాక ఇంకోసారి ఇదే లెక్క చేయండి. రెండో అంకె కూడా పెరగకుండా మొదటిదాని దగ్గరే ఆగిపోతే నాజిల్స్ నాలుగూ విప్పించి బెంచ్ మీద పెట్టించండి. చిమ్ముతున్నాయా, కారుతున్నాయా అన్నది అక్కడ మీ కంటికే కనిపిస్తుంది.